రంగం కథ తీయబోయేవారికి

తెలుగు సినిమా దర్శకులకు, కథారచయితలకు, నిర్మాతలకు



భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయనకు కొత్త ఉద్యోగం వచ్చి నలుగురూ పరాయి దేశంలో దిగుతారు. తెల్లారేసరికి ఆ ఊళ్ళో తిరుగుబాటు. హోటల్లో చంపుతున్నారు, వీధుల్లో చంపుతున్నారు. తండ్రి కన్నబిడ్డను ఒక డాబా మీంచి ఇంకో డాబా మీదికి విసిరితే తల్లి అందుకుంటుంది. చివరికి పడవెక్కి సరిహద్దు దాటతారు. 2015లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘నో ఎస్కేప్’ కథ ఇంతే. ఇలాంటిది మన భాషలో తీయాలని మీలో కొందరికి ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది. తీయండి. ఎలా తీయాలో మీకు చెప్పేంతటివాణ్ణి కాను. ఎవరి కథ తీయాలో చెప్పడానికి మాత్రం విశాఖపట్నం దగ్గర దువ్వాడలో ఉండేవాడిగా నాకు కొంచెం చొరవ ఉందనుకుంటున్నాను.

ఆ సినిమా పట్టుగా ఉంటుంది, అబద్ధం ఆడను. డాబా మీంచి పిల్లను విసిరే చోట నేనూ కుర్చీ అంచుకి వచ్చేశాను. కానీ ఆ దేశానికి పేరుండదు. షూటింగ్ థాయిలాండ్‌లో చేశారు. పోలీసుల డాళ్ళ మీద కంబోడియావాళ్ళ ఖ్మేర్ అక్షరాలు తలకిందులుగా అతికించారు. ఏదో ఆసియా లిపి, ఎటు తిప్పితే ఏమిటని కాబోలు. కంబోడియా ప్రభుత్వం ఆ సినిమాను తమ దేశంలో ఆడనివ్వలేదు.

ఇంతకీ అక్కడి జనం ఎందుకు తిరగబడ్డారు? వాళ్ళ నీళ్ళను విదేశీ కంపెనీ చేజిక్కించుకుంది. కథానాయకుడు పనిచేయడానికి వచ్చింది ఆ కంపెనీలోనే. ఈ ముక్క పియర్స్ బ్రోస్నన్ పాత్ర మధ్యలో నాలుగు వాక్యాల్లో చెప్పేసి ఊరుకుంటుంది. ఆ తర్వాత జనం మళ్ళీ కత్తులు పట్టుకున్న గుంపే. తిరగబడ్డవాళ్ళలో ఒక్కడికీ పేరు లేదు, ఇల్లు లేదు, ఆ పూట ఏం తిని వచ్చాడో తెలియదు.

దీన్ని అమెరికాలో కూర్చుని చూస్తే ఏమనిపిస్తుందో గానీ, దువ్వాడలో కూర్చుని చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. దువ్వాడ స్టేషన్‌లో దిగి కూర్మన్నపాలెం కూడలికి వస్తే ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం కనబడేది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కును నూటికి నూరు శాతం అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, ఏళ్ళ తరబడి అక్కడ రిలే నిరాహార దీక్షలు నడిచాయి. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. ఆ ఊళ్ళ నిర్వాసితులు ఇప్పటికీ చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నారు. అందరిదీ అయినదాన్ని ఎవరో వచ్చి కొనుక్కుంటారంటే జనానికి కోపం ఎలా వస్తుందో, ఆ కోపం ఎన్నేళ్ళు ఓపిగ్గా టెంటు కింద కూర్చుంటుందో మాకు తెలుసు. ఆ గుంపులో ఎవరు ఏ షిఫ్టు దిగి వచ్చారో కూడా తెలుసు.

ఇంకొకటి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో కొరియా కంపెనీ ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు పిల్లల్ని భుజాన వేసుకుని చీకట్లో పరుగెత్తారు. దారిలోనే పడిపోయినవాళ్ళున్నారు. పన్నెండు మంది చనిపోయారు. బతుకు కోసం ఒక కుటుంబం రాత్రిపూట పరుగు తీయడమే మీకు కావలసిన దృశ్యమైతే, అది ఇక్కడే జరిగింది. పరుగెత్తినవాళ్ళు సొంత ఊళ్ళోనే ఉన్నారు, కంపెనీయే పరాయి దేశం నుంచి వచ్చింది. రెండు రోజుల తర్వాత ఊరివాళ్ళు శవాలను తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టి, దీన్ని ఇక్కణ్ణుంచి తీసేయమని అడిగారు. కేకలు వేశారు, ఏడ్చారు, పోలీసుల కాళ్ళ మీద పడ్డారు. ఏ కొరియా ఇంజినీరునూ కత్తి పట్టుకుని తరమలేదు.

అంటే ఈ రకం కథలో మేము రెండు వైపులా నిలబడ్డవాళ్ళం. గేటు బయట గుంపులోనూ ఉన్నాం, పరాయి దేశంలో గేటు లోపల చిక్కుకున్న కుటుంబంలోనూ ఉన్నాం. అందుకే మీరు తీసే సినిమాలో ఎదుటి జనానికి మొహాలు లేకపోతే అది మా కథ అవదు.

పరాయి దేశంలో చిక్కుకున్నవాళ్ళ వైపు మన సినిమావాళ్ళు అసలు చూడలేదని అనను. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. దాని మీద చందూ మొండేటి గారు 2025లో ‘తండేల్’ తీశారు. శ్రీకాకుళం తీరం ఉండగా అక్కడి జాలరి గుజరాత్ దాకా ఎందుకు పోవాలి అన్న ప్రశ్న ఆ సినిమాలో ఉంది. అది నాకు నచ్చింది. జైలు భాగానికి వచ్చేసరికి శత్రుదేశం అనగానే తీసే మామూలు సన్నివేశాలే వచ్చాయి. పి. సునీల్ కుమార్ రెడ్డి గారు 2017లో ‘గల్ఫ్’ అని తీశారు, ఎక్కువ మంది చూడలేదు. మలయాళీలు ఇరాక్‌లో చిక్కుకున్న నర్సుల మీద మూడేళ్ళు తిరక్కుండానే ‘టేక్ ఆఫ్’ తీసుకున్నారు, తర్వాత ‘ఆడుజీవితం’ తీసుకున్నారు. హిందీవాళ్ళు 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన సంఘటన మీద ‘ఎయిర్‌లిఫ్ట్’ తీశారు. అప్పుడు ఎయిర్ ఇండియా అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షా పదకొండు వేల మందికి పైగా తీసుకొచ్చింది. అందులో మన కడప, గోదావరి జిల్లాలవాళ్ళు ఎంతమందో! సినిమాలో మాత్రం ఒక కోటీశ్వరుడు అందరినీ భుజాన మోసినట్టు చూపించారు. నిజంగా మోసినవాళ్ళు జాబితాలు రాసిన గుమాస్తాలు, సెలవు లేకుండా విమానాలు తిప్పిన సిబ్బంది, శిబిరాల్లో గంజి కాచినవాళ్ళు. అప్పటి సంగతులు తెలిసిన దౌత్యాధికారులు ఆ సినిమా చూసి నొచ్చుకున్నారు కూడా.

అవన్నీ అలా ఉంచండి. నేను అడిగేది రంగం కథ.

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాత ఊరు ఏదైనా సరే, రంగం వెళ్ళిన తాత ఒకడైనా ఉంటాడు. అంటే రంగూన్. విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కితే కొన్ని రోజుల్లో బర్మా. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, తెలుగువాళ్ళే లక్షన్నరకు పైగా. రంగూన్ నగరంలో సగానికి మించి మన దేశంవాళ్ళే. వాళ్ళలో చెట్టియార్ల లాంటి వడ్డీ వ్యాపారులున్నారు, గుజరాతీ దుకాణదారులున్నారు. తెలుగువాడు మాత్రం ఎక్కువగా రేవులో మూటలు మోశాడు, బియ్యం మిల్లుల్లో పనిచేశాడు, రిక్షా లాగాడు, మునిసిపాలిటీలో వీధులు ఊడ్చాడు, పాకీ పని చేశాడు. కోరంగి రేవు పేరు మీద తెల్లవాళ్ళు వాళ్ళందరినీ ‘కోరంగీలు’ అన్నారు.

మీ సినిమా ఓడతో మొదలుపెట్టకండి. మేస్త్రీతో మొదలుపెట్టండి. మేస్త్రీ అంటే మన ఊరివాడే, చాలాసార్లు మన కులంవాడే. ఊళ్ళో కరువు చూసి వస్తాడు. ఓడ ఖర్చు నేను పెడతానంటాడు, ఇంటి దగ్గర ఇచ్చి వెళ్ళమని అడ్వాన్సు చేతిలో పెడతాడు. రంగంలో దిగిన రోజు నుంచి ఆ బాకీ కూలిలో కోసుకుంటూనే ఉంటాడు. కూలి ఇచ్చే ఓడల కంపెనీకి కూలివాడి పేరు తెలియదు, మేస్త్రీ పేరు మాత్రమే తెలుసు. తిరుగు టికెట్ ఎప్పుడు కొనాలో కూడా మేస్త్రీయే చెబుతాడు. హాలీవుడ్ కథలో కుటుంబం తలుపు మూసుకుపోయేది తిరుగుబాటు మొదలైనప్పుడు. మన కథలో అది ఊళ్ళో బాకీ కాగితం మీద వేలిముద్ర వేసినప్పుడే మూసుకుపోయింది.

తర్వాత 1930. నా లెక్కన సినిమాకి గుండెకాయ ఇది. మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లోకి సరుకు ఎత్తించే కంపెనీలు బెదరలేదు, బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నాయి. అప్పటిదాకా రేవు పని బర్మావాడికి దొరికేది కాదు. ధాన్యం ధర పడిపోతూ, పొలం వడ్డీ వ్యాపారి చేతిలోకి పోయి, పల్లె నుంచి పట్నానికి వచ్చిన మనుషులు వాళ్ళు. కొద్ది వారాలు మూటలు మోశారు. మే 26 నాటికి కంపెనీలు మనవాళ్ళతో రాజీపడ్డాయి. ఆ ఉదయం బర్మా కూలీలు ఎప్పట్లాగే పనికి వస్తే, మీతో పని లేదు పొమ్మన్నారు. భార్యలు మధ్యాహ్నానికి అన్నం మూటలు పట్టుకుని వెంట వచ్చారట. పని తిరిగి దొరికిన సంబరంలో మనవాళ్ళు వాళ్ళను చూసి ఎగతాళి చేశారని ఆనాటి కథనాలు చెబుతాయి. ఆ రోజుల్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తర్వాత రాసిన ‘ట్రయల్స్ ఇన్ బర్మా’లో ఈ అల్లర్ల సంగతి ఉంది. అక్కణ్ణుంచి కొన్ని రోజుల పాటు తెలుగు కూలీలను వెతికి వెతికి నరికారు. వందమందికి పైగా చనిపోయారు. వేలమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కున్నారు.

చూశారా, ఇందులో మీకు కావలసినవన్నీ ఉన్నాయి. తాళం వేసిన బ్యారక్, మెట్ల మీద అడుగుల చప్పుడు, ఏడుస్తున్న పిల్ల నోరు మూసిన తల్లి. కానీ తలుపు బయట కత్తి పట్టుకుని నిలబడ్డవాడి చేతిలో నిన్నటిదాకా ఉన్నది మన చేతిలో ఉండే మూటే. అతని పెళ్ళాం తెచ్చిన అన్నం ఇంకా చల్లారలేదు. అతన్ని ఆ తలుపు దాకా తోలిన కంపెనీ గుమాస్తా ఎక్కడో ఫ్యాన్ కింద కూర్చుని లెక్క రాసుకుంటున్నాడు. ఈ మూడు చోట్లకీ కెమెరా వెళ్ళగలిగితే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టడం మానడు. పైగా ఎవరి కోసం బిగబట్టాలో తెలియక ఇంకొంచెం గట్టిగా బిగబడతాడు. అతని చేతి కత్తి వల్ల చచ్చినవాళ్ళు మనవాళ్ళే. అది మరిచిపోమని అనడం లేదు. అతని పేరు కూడా అడగమంటున్నాను.

ఇక 1941 డిసెంబరు 23. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఎన్నడూ చూడని వింత కాబట్టి జనం వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూశారు. చచ్చిపోయినవాళ్ళు వెయ్యికి పైనే, చాలామంది ఇలా ఆరుబయట నిలబడ్డవాళ్ళే. క్రిస్మస్ రోజు మళ్ళీ వచ్చాయి. రేవు కూలీలు, పాకీ పనివాళ్ళు పెళ్ళాం పిల్లలతో ఊరు వదిలారు. రెండు మూడు రోజుల్లో నగరం కంపు కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది దొరలకు, ఈ ఊరిని ఊడ్చేది ఎవరో. బతిమాలి, భయపెట్టి, కొందరిని వెనక్కి తెచ్చారు. కూలీల్లో మగవాళ్ళను కొన్నాళ్ళ పాటు ఓడ డెక్కు ఎక్కనివ్వలేదు, వాళ్ళు పోతే రేవు ఆగిపోతుందని. ఆడవాళ్ళను, పిల్లల్ని పొమ్మన్నారు. పెళ్ళాం ఓడ మీద, మొగుడు రేవు మీద. డబ్బున్నవాళ్ళకు క్యాబిన్ టికెట్ దొరికింది.

థ్రిల్లర్‌కి కత్తి అక్కర్లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. ఒక టికెట్ కౌంటరు చాలు. వరసలో వందో మనిషి మన తాత, ఓడలో మిగిలింది ఎనభై చోట్లు, ఆయన చంకలో పిల్ల, ఆ పిల్లను మనిషిగా లెక్కపెడతాడా లేదా అన్నది కౌంటరులో కూర్చున్నవాడి దయ. దీన్ని నిదానంగా తీయండి. ఇరవై నిమిషాలు తీయండి.

ఓడ దొరకనివాళ్ళు నడిచారు. తెలుగు కూలీలు చాలామంది పట్టిన దారి ప్రోమ్ నుంచి ఐరావతి దాటి, అరకాన్ యోమా కొండలు ఎక్కి దిగి, తౌంగప్ చేరడం. వంద మైళ్ళకు పైగా అడవి, కొండ. నీళ్ళు లేవు. కలరా తగిలింది. తౌంగప్ నుంచి పడవల్లో అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కాక మిగిలినవాళ్ళు ఉత్తరానికి మళ్ళి, చింద్విన్ నది దాటి, తాము మీదుగా మణిపూర్ కొండల్లోకి వచ్చారు. అదీ మూసుకుపోయాక హుకాంగ్ లోయ, పాంగ్సౌ కనుమ, లీడో. మేలో వానలు మొదలయ్యాక ఆ లోయ బురదలో కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవలేదు. మొత్తం మీద నాలుగు లక్షల మందికి పైగా ఇండియా చేరారని చరిత్రకారుడు హ్యూ టింకర్ లెక్క. దారిలో పోయినవాళ్ళు తక్కువలో తక్కువ పది వేలు, ఎక్కువ వేసుకుంటే యాభై వేలు. చచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి ఎవరినీ నియమించలేదు, అందుకే ఆ రెండు అంకెల మధ్య అంత దూరం.

దారి కూడా అందరికీ ఒకటి కాదు. తెల్లవాళ్ళకు దగ్గర దారి, లారీలు, టీ. మనవాళ్ళకు దూరపు దారి. ఈ తేడా మీద దేశమంతా అట్టుడికింది. 1942 వేసవిలో అలహాబాదులో కూడిన కాంగ్రెస్ దీన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. క్విట్ ఇండియాకు ముందున్న నెలల కోపంలో ఈ నడక వాటా పెద్దదని నేను నమ్ముతాను. నాకు తెలిసి మన పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక పేరా కూడా దక్కలేదు.

దారిలో బర్మా పల్లెలవాళ్ళు ఏం చేశారు? కొందరు దోచుకున్నారు. కొందరు అన్నం పెట్టారు. ఒకే పల్లెలో రెండూ జరిగి ఉంటాయి. ఆ పల్లెను మీరు ఒక రకంగానే చూపిస్తే నేను మళ్ళీ ఉత్తరం రాస్తాను.

ఇదంతా పాతకాలం, సెట్లు వేయాలి, ఖర్చు అంటారేమో. కొండలకు కొదవ లేదు. చింతపల్లి, సీలేరు వైపు మీరు ఎన్ని సినిమాలు తీయలేదు! అయినా పాతకాలం వద్దంటే, 2024 తీసుకోండి. ఆ మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. గాజువాక చుట్టుపక్కల కుర్రాళ్ళకు సింగపూర్‌లోనో కంబోడియాలోనో డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కున్నారు. కాంపౌండ్ గోడల మధ్య కూర్చోబెట్టి ఫోన్లలో జనాన్ని మోసం చేయించారు. చేయనన్నవాణ్ణి చీకటి గదిలో పెట్టి తిండి మాన్పించారు. మే 20న సిహనూక్‌విల్‌లో ఉన్న జిన్‌బే అనే చోట సుమారు 300 మంది భారతీయులు ఒక్కసారిగా తిరగబడ్డారు. వాళ్ళలో విశాఖవాళ్ళు చాలామంది. ఆ వీడియోలు ఇక్కడి పోలీసులకు చేరాయి, రాయబార కార్యాలయం కదిలింది, కొద్ది రోజుల్లో మొదటి జట్టు విశాఖలో దిగింది.

ఈ కథలో ఖ్మేర్ జనం కత్తులు పట్టుకుని ఎవరినీ తరమలేదు. కాంపౌండ్ నడిపింది చైనా ముఠాలు. పంపింది మన వీధిలో బోర్డు పెట్టుకున్న ఏజెంటు. మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, ఈసారి చొక్కా ఇస్త్రీగా ఉంది, చేతిలో వాట్సాప్ ఉంది. ఏ కథారచయితా వదులుకోకూడని మెలిక ఒకటి ఇందులో ఉంది. ఆ కుర్రాళ్ళ చేత మోసం చేయించింది ఎక్కువగా మనదేశం వాళ్ళనే. భాష వచ్చు కాబట్టి. అంటే అక్కడ చిక్కుకున్న కొడుకు అన్నం తినాలంటే ఇక్కడ అలాంటి ఇంకో ఇంట్లో ఫోన్ మోగాలి. ఆ ఫోన్ ఎత్తేది ఎవరి అమ్మో మీ ఇష్టం.

2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి ఇలాగే చిక్కుకున్నవాళ్ళను వాయుసేన విమానాల్లో తెచ్చారు. ఒక రోజు 283 మంది, మర్నాడు 266. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మయన్మార్ అంటే బర్మాయే. తాత మూట మోయడానికి వెళ్ళిన దేశానికి మనవడు మౌస్ పట్టుకోవడానికి వెళ్ళాడు. ఇద్దరూ అప్పు చేసే వెళ్ళారు. తిరిగొచ్చాక అప్పు ఇద్దరికీ అలాగే ఉంది. అందుకని విమానం దిగి అమ్మను కావలించుకునే చోట ‘శుభం’ వేయకండి. వడ్డీ అడగడానికి వచ్చినవాడు కూడా ఆ అరైవల్ గేటు దగ్గరే నిలబడి ఉంటాడు.

పరిశోధనకు ఎక్కువ దూరం పోనక్కర్లేదు. విశాఖలో కంచరపాలెం పక్కనే బర్మా క్యాంపు ఉంది. 1942లో నడిచినవాళ్ళలో, యుద్ధం అయ్యాక మళ్ళీ బర్మా వెళ్ళినవాళ్ళు చాలామంది. 1962లో నే విన్ సైన్యం గద్దెనెక్కింది, దుకాణాలు జాతీయం చేసింది. 1964 మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. కూడబెట్టుకున్నది కాగితమైపోయింది. ఒంటి మీది బంగారం కూడా తేనివ్వలేదు. అలా ఓడల్లో విశాఖ రేవుకు చేరినవాళ్ళకు వేసిన శిబిరమే ఆ బర్మా క్యాంపు. వెంకటేష్ మహా గారు ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు అక్కడి మనుషులనే నటులుగా పెట్టుకున్నారు, 2018లో అందరం చూశాం, మెచ్చుకున్నాం. ఆ వీధుల్లో ఇంకొంచెం ముందుకు నడిస్తే, 1964లో పిల్లలుగా ఓడ దిగినవాళ్ళు డెబ్బైల్లో ఉంటారు. బర్మా భాష రాయడం, చదవడం వచ్చినవాళ్ళు దొరుకుతారు. బోర్డుల మీద అక్షరాలు రాయించేముందు వాళ్ళకు ఒకసారి చూపించండి. టీ ఇస్తారు, డబ్బు అడగరు. బర్మావాళ్ళ పాత్రలకు బర్మావాళ్ళనే తీసుకుంటే ఇంకా మేలు. సైన్యం చేతిలో దేశం చిక్కుకుపోయి, వాళ్ళలో ఎందరో ఇప్పుడు మన దేశంలోనే తలదాచుకుంటున్నారు.

ముగింపు ఎలా అని అడుగుతారు. చరిత్ర మీకు ఒకటి రాసి పెట్టింది. 1942 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రంగం నుంచి ఓడ దొరికిన అదృష్టవంతులు కొందరు విశాఖపట్నం చేరారు. ఇంటికొచ్చాం, బతికాం అనుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సుమారు ఇరవై వర్తక నౌకలను ముంచేశారు. పట్నం జనం బళ్ళు కట్టుకుని, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని పల్లెలకు పరుగెత్తారు. మీ కథలోని తల్లి ఆ రోజు విశాఖ వీధిలో ఉందనుకోండి. విమానం చప్పుడు వినగానే, తలెత్తి చూస్తున్న పక్కింటివాళ్ళను పైకి చూడొద్దని కసిరి లోపలికి తోసేది ఆమె ఒక్కతే. ఎందుకంటే ఆ చప్పుడు ఆ వీధివాళ్ళలో అంతకుముందు విన్నది ఆమె ఒక్కతే. మొగుడు ఇంకా రంగం రేవులోనే ఉన్నాడో, కొండ దారిలో ఉన్నాడో ఆమెకు తెలియదు. అతన్ని ఇంటికి చేర్చాలా వద్దా అన్నది మీకే వదిలేస్తున్నాను.

ఇట్లు,
దువ్వాడ నుంచి ఒక ప్రేక్షకుడు